వాయువ్యం మూల గది

నాలుగు మూలల స్థలానికి ఐదో మూల ఎవరు పెట్టారు?

అడగవలసిన ప్రతి చోటా ఈ ప్రశ్న అడుగుతున్నాను. కొందరు కూర్చోమంటారు. కొందరు మంచినీళ్ళు ఇస్తారు. ఒకాయన నా వయసు కనుక్కుని, అరవై ఎనిమిది అనగానే, అదే జవాబైనట్టు తృప్తిగా తల ఊపుతాడు. ఐదో మూల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

నా స్థలం దీర్ఘచతురస్రం. ఉత్తరాన రోడ్డు, పడమట చక్రధరం గారి మేడ, తూర్పున మంగతాయారు టిఫిన్ హోటలు. చక్రధరం గారికీ నాకూ మధ్యనున్న ప్రహరీ దక్షిణం నుంచి ఉత్తరానికి తిన్నగా నడిచేది. ఈ ఉదయం నుంచి అది సగం దూరం తిన్నగా నడిచి, అక్కడ మోచేయిలా వంగి, నా నేలలోకి దిగుతోంది. ఆ వంపు దగ్గరే కొత్త మూల ఉంది. చెయ్యి వేసి చూస్తాను. వెచ్చగా ఉంది. దానికి నాడి కొట్టుకుంటోంది.

వంపు మింగినది నా వాయువ్యం మూల. అక్కడ నా గది రావాలి. ఉత్తరపు కిటికీ, కిటికీ కింద బల్ల, మిగిలిన మూడు గోడల నిండా పుస్తకాలు. ఉద్యోగమంతా గ్రంథాలయంలో ఇతరుల పుస్తకాలకు కాపలా కాశాను. నా పుస్తకాలు అద్దె ఇళ్ళలో మంచాల కింద బతికాయి. ఇప్పుడవి గోనెసంచుల్లో రోడ్డు పక్కన వరుసగా నిలబడి ఉన్నాయి. కూర్చోమంటాను. గది వచ్చేదాకా మేం కూర్చోం అంటాయి.

ఈ ఊళ్ళో ఇల్లు కావలసినవారు ముగ్గు తామే పోసుకోవాలి. పునాది ఎక్కడ తవ్వాలో నేల మీద సున్నంతో గీయడాన్నే ఇక్కడ ముగ్గు పోయడం అంటారు. మేకులు పాతి, దారం కట్టి, కొలిచి, మూలలు సరిచూసుకుని, ఆ తర్వాతే గీయాలి. గీసిన క్షణంలో గీసిన చోట ఇల్లు లేస్తుంది. లేచిన ఇల్లు మళ్ళీ కూర్చోదు. అందుచేత నేను ముగ్గు నేర్చుకుంటున్నాను.

పాఠశాలకు గోడలు లేవు. నా స్థలం ఎదుటి మైదానంలో నాలుగు మేకులు, వాటి చుట్టూ దారం. ద్వారం ఉండవలసిన చోట దారాన్ని ఎత్తి, వంగి, లోపలికి వెళ్ళాలి. దాటి వచ్చేవారిని దారం గుర్తుంచుకుంటుంది.

మా ఇన్‌స్ట్రక్టరు పరాంకుశం గారు నేల మీద నిలబడరు. నడినెత్తికి కట్టిన దారంతో ఆకాశం నుంచి, గోడ నిలువు సరిచూసే తూకపు గుండులా వేలాడుతూ పాఠం చెబుతారు. గాలి లేదు. అయినా ఆయన పడమటికి వాలి ఉంటారు. అటువైపు చక్రధరం గారి మేడ ఉంది. వాలే తూకపు గుండును నేను ఇంతవరకు చూడలేదు. తరగతిలో మిగిలినవారు చూసినట్టే ఉన్నారు. ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు.

"మూల నిక్కచ్చిగా రావాలంటే ఒక దారం మీద మూడడుగులు, రెండో దారం మీద నాలుగు అడుగులు గుర్తెట్టండి. ఆ గుర్తుల మధ్య టేపు ఐదడుగులు చూపించిందా, మూల కుదిరినట్టే," అంటారు పరాంకుశం గారు.

"ఐదు రాకపోతేనండీ?" నా పక్కన కూర్చున్న మంగతాయారు అడుగుతుంది. హోటలుకు వెనక వంటగది కట్టుకోవాలని ఆవిడా ముగ్గు నేర్చుకుంటోంది. అట్లకాడ చేతిలోనే ఉంది. కింద పెడితే చల్లారిపోతుందట.

"రాకపోతే, పక్కవాడు ఎవరో చూసుకోవాల."

"చూసుకుని?"

"పెద్దోడైతే ఐదొచ్చిందనుకోవాల."

తరగతి రాసుకుంటుంది. నేను రాసుకోను. లేచి నిలబడతాను.

"పరాంకుశం గారూ, మీరు నిన్న ఏం చెప్పారు? కొలతల్లో తేడా వస్తే దాన్ని అన్ని మూలలకూ సమానంగా పంచాలన్నారు."

"అన్నానండీ మేడమ్ గారూ. శాస్త్రం అదే."

"మరి ఈ తేడా మొత్తం నా ఒక్క మూలకే ఎందుకు వచ్చింది?"

"మీరు ఉండేది ఒక్కరే కదండీ. ఒక్కరికి ఎంత చోటు కావాల?"

"ఒక్కరే ఉండే ఇంట్లో లంబకోణం తొంభై డిగ్రీల కంటే తక్కువ ఉంటుందా?"

ఆయన దారం మీద నెమ్మదిగా ఒక చుట్టు తిరుగుతారు. "అది సిలబస్‌లో లేదండీ," అంటారు.

మంగతాయారు నవ్వుతూ నా చెవిలో అంటుంది: "మూలలో ఏముందో ఆయనకి తెలవదు అమ్మగారూ. ఎప్పుడూ ఏలాడతానే ఉన్నాడు గదా, కాలు కింద పెడితే గదా తెలిసేది."

చక్రధరం గారు వస్తారు. ప్రహరీ గోడ ఆయన వెనక నడుస్తోంది. దాని మెడకు పలుపుతాడు ఉంది. ఆయన ఆగితే గోడ ఆగి, మా దారాలను వాసన చూస్తుంది.

"పిన్నిగారూ, బాగున్నారా?"

"మీ అమ్మగారికి నేను చెల్లెల్ని కాను. గోడను వెనక్కి తీసుకెళ్ళండి."

"నేను తీసుకురాలేదండీ, అదే వచ్చింది. ఈశాన్యం గదా, పెరుగుద్ది. పెరిగే బిడ్డని ఎవరన్నా ఆపుతారా?"

ఈశాన్యం పెరిగిన ఇంట్లో సంపద పెరుగుతుందని ఈ ఊరి నమ్మకం. ముగ్గు పోసేటప్పుడు ప్రతి ఇంటివాడూ ఈశాన్యం మూలలోని మేకును, దణ్ణం పెట్టుకుంటున్నట్టు వంగి, బయటికి జరుపుతాడు. జరిపిన చేత్తోనే పసుపు కుంకుమ అద్దుతాడు. తన ఈశాన్యం పక్కవాడి వాయువ్యంలోకి పెరుగుతుందని అతనికి తెలుసు. తెలిసిన సంగతికి పసుపు పూస్తే అది శాస్త్రం అవుతుందని కూడా తెలుసు. నాకు కోపం తెప్పించేది అజ్ఞానం కాదు. అజ్ఞానం ఇంత కచ్చితంగా ఎప్పుడూ తనవైపే లాభం చూపించదు.

"చదువుకున్నవారు, పెద్దవారు. మీరే సర్దుకోవాల," అంటారు చక్రధరం గారు.

"ఎందుకు సర్దుకోవాలి?"

"సర్దుకోగలరు గనక. చేతగానోళ్ళని అడుగుతామా?"

గోడ మెచ్చుకోలుగా తోక ఊపుతుంది. ఇటుకల తోక. ఇంతకుముందు లేదు.

పరాంకుశం గారు గొంతు తగ్గిస్తారు. "ఒక ఉపాయం ఉందండీ మేడమ్ గారూ. మీరూ మీ ఈశాన్యం మేకు తూర్పుకి జరుపుకోండి. మంగతాయారు గారి స్థలంలోకి. పడమట పోయింది తూర్పున వస్తది. గది కాస్త ఇటు జరుగుద్ది, అంతే. మంగతాయారు గారు ఆ పక్కావిడ మీదికి జరుపుకుంటది. అట్టా జరుపుకుంటా పోతే ఊరు చివర ఎవరో ఒకరు ఏట్లో పడతారు."

"ఎవరు పడతారు?"

"వాళ్ళకి ఇంకా పేర్లు పెట్టలేదండీ."

మంగతాయారు నా వైపు చూస్తుంది. ఈసారి నవ్వదు.

నా మేకులు నా ఒళ్ళో ఉన్నాయి. ఈశాన్యం మేకు చాలా తేలిక. చిటికెన వేలితో కూడా జరపవచ్చు. రోడ్డు పక్కన నా పుస్తకాలు మడమలు ఎత్తి చూస్తున్నాయి. వాటి కాళ్ళు నొప్పిపెడుతున్నాయని నాకు తెలుసు. ఆ మేకును జరిపితే వాటికి ఈ పూటే గది వస్తుంది.

"సుత్తి ఇవ్వు తాయారూ," అంటాను. నా స్థలంలోకి నడిచి, ఈశాన్యం మేకును దాని పాత గుంటలోనే పాతుతాను, తల మునిగేదాకా.

"నా మీదికి జరిగితే ఈ అట్లకాడ ఎక్కడ తగిలేదో తెలుసా అమ్మగారూ?" అంటుంది మంగతాయారు. అట్లకాడ ఎర్రగా కాలుతోంది.

ఆగ్నేయం, నైరుతి మేకులు కూడా పాతాను, ఇక మూలలు సరిచూడాలి. ఆగ్నేయం నుంచి వాయువ్యానికి ఒక కర్ణం, నైరుతి నుంచి ఈశాన్యానికి మరొక కర్ణం. రెండూ సమానంగా వస్తేనే నాలుగు మూలలూ నిజమైనవి. ఆగ్నేయం మేకు దగ్గర టేపు సున్నా కొసను మంగతాయారు పట్టుకుంటుంది. రెండో కొస పట్టుకుని నేను వాయువ్యానికి నడుస్తాను. చక్రధరం గారి గోడ అడ్డు వస్తుంది. టేపు ఆగదు. గోడ కిందికి దూరుతుంది. కొలత పూర్తి కాలేదు కాబట్టి నేనూ దూరుతాను.

అవతల చక్రధరం గారి ఈశాన్యం గది. నడుస్తున్నకొద్దీ అది పొడవవుతోంది. కుర్చీ లేదు, మంచం లేదు, మనుషులు లేరు. గోడల పొడవునా చాపల్లా చుట్టిన నేల ముక్కలు నిలబెట్టి ఉన్నాయి. ఒక చుట్టలోంచి ఎవరిదో జామచెట్టు కొమ్మ బయటికి వచ్చింది. కాయలు పండి ఉన్నాయి. ఒక చుట్టలో కుట్టుమిషను తిరుగుతూనే ఉంది. ఒకదానిలో పొయ్యి వెలుగుతోంది. ఊరంతటి సర్దుబాటు ఇక్కడ నిలబడి ఉంది.

నా టేపు ఒక చుట్ట దగ్గర ఆగుతుంది. విప్పుతాను. లోపల నా గది ఉంది. ఉత్తరపు కిటికీ ఉంది. బల్ల ఉంది. బల్ల దగ్గర ఒకావిడ కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. ఆవిడ చక్రధరం గారి భార్య ఇందుమతి. ప్రహరీ మీదుగా కరివేపాకు అడిగినప్పుడు ఆవిడ చెయ్యి మాత్రమే చూశాను.

ఆవిడ గబుక్కున లేస్తుంది. "మీ గదని తెలుసండీ. కాసేపే కూర్చున్నాను."

"మీ ఇంట్లో ఇన్ని గదులు ఉన్నాయి కదా."

"ఆయనవండీ అన్నీ. హాలు ఆయన స్నేహితులది. పూజగది దేవుడిది. ఈశాన్యం పెరిగినప్పుడల్లా వంటిల్లు తగ్గుద్ది. ఇప్పుడు పక్కకి తిరిగి నిలబడి వండతన్నాను."

దూరంగా రెండు గోడల మధ్య మిగిలిన ఆ వంటింటి సందును చూస్తాను. ఎంత సంపద పెరిగితే ఒక మనిషి పక్కకు తిరిగి వండాలో కొలిచే టేపు నా దగ్గర లేదు. నాకు కోపం వస్తోంది. అది వయసు వల్ల కాదని ఇక్కడ స్పష్టంగా చెబుతున్నాను.

"గదికి ఒక కుర్చీయే వేయాలని నియమం ఏమీ లేదు. ఆ కొస పట్టుకోండి," అంటాను.

ఆవిడ పట్టుకుంటుంది. ఇద్దరం గదిని మళ్ళీ చుట్టి, భుజాల మీద పెట్టుకుని, గోడ కిందుగా బయటికి తెస్తాం. గది బరువుగా లేదు. వెలుతురు ఒకవైపు కారుతోంది, అంతే.

"ఎక్కడికే?" చక్రధరం గారు అరుస్తారు.

"కొలతకండీ," అంటుంది ఇందుమతి.

నా వాయువ్యంలో ఆ గది చుట్టను చాపలా పరుస్తాం. మేకు పాతుతాను. లంబం చూడడానికి తూకపు గుండు కావాలి. పరాంకుశం గారిని ఆ మూల మీద తిన్నగా వేలాడమని అడుగుతాను. ఆయన ప్రయత్నిస్తారు. ముఖం చెమటలు పడుతుంది. పడమటికే వాలుతారు.

"అలవాటైపోయిందండీ," అంటారు.

మంగతాయారు కాలిన అట్లకాడతో ఆయన దారాన్ని తాకుతుంది. దారం తెగుతుంది. పరాంకుశం గారు కింద పడరు. పడమటికి పడతారు. డాబాల మీదుగా, నీళ్ళ ట్యాంకుల మీదుగా, చేతులు కట్టుకుని, నేలకు సమాంతరంగా పడిపోతూ, మూడడుగులు, నాలుగు అడుగులు అని చెబుతూనే ఉన్నారు.

సున్నం సంచి విప్పుతాను. ఖాళీ. అప్పుడు రోడ్డు పక్కన గోనెసంచుల మూతులు ఊడతాయి. పుస్తకాలు ఒక్కొక్కటే వచ్చి, పేజీలు విదిలించి, తమ అంచుల్లోని తెల్లదనాన్ని నా దోసిట్లో పోస్తాయి. అంచులు లేని పుస్తకాలను చదవడం కష్టం. చదువుతాను. ఆ తెల్లటి పొడితో ముగ్గు పోస్తాను, మూల నుంచి మూలకు, ఎక్కడా వంపు లేకుండా.

గోడలు లేస్తాయి. చక్రధరం గారి ప్రహరీ పలుపు తెంపుకుని, తలవంచి, వెనక్కి నడిచి, తన పాత పునాదిలో నిలబడుతుంది. దాన్ని చూసి ఊళ్ళోని గోడలన్నీ కదులుతాయి. తలొక మూలను చంకన పెట్టుకుని, ఎవరి మొహాలూ చూడకుండా, వీధుల వెంట వెనక్కి నడుస్తున్నాయి. గది లోపల ఇందుమతి రెండో కుర్చీ వేస్తోంది. పుస్తకాలు కూర్చుంటున్నాయి.

అన్ని మూలలూ తమ చోట్లకు చేరాక కూడా ఒకటి మిగిలింది. వెచ్చగా ఉంది. నాడి కొట్టుకుంటోంది. ఎవరిదో అది చెప్పలేకపోతోంది. మాకు కొలవవలసిన రెండో కర్ణం ఇంకా మిగిలే ఉంది కాబట్టి, దాన్ని కొలిచే దారం కొసను ఆ మూలకు కట్టి వదిలిపెడతాను. అది పసిబిడ్డలా పాకుతూ రోడ్డు దాటుతుంది, ఏరు దాటుతుంది, ఇది చదువుతున్నవారి చేతుల కింది నుంచి వారి ఇంట్లోకి వెళ్ళి, ఈశాన్యంలో ఆగి, అమ్మా అని పిలుస్తోంది.

అది పిలుస్తున్నది మిమ్మల్నే. లేవండి. ఆ దారం కొస బిగించి పట్టుకోండి. పట్టుకుని, మీ ఈశాన్యం ఎవరి నేల మీద ఉందో నాకు జవాబు చెప్పండి.