మిహిక మధ్యాహ్నం నిద్ర

మా మిహికకు పది నెలలు. తెల్లారకముందే లేస్తుంది. లేచిందే తడవుగా పాకుతూ పోయి చెప్పుల స్టాండు దగ్గర తేలుతుంది. రాగిజావ పెడితే మూడు చెంచాలు మింగి నాలుగోది నా నైటీ మీద ఊస్తుంది. ఆ తర్వాత మా అత్తమ్మ పుష్పమ్మ దాన్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రుద్ది, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేస్తుంది. అంతే, పిల్ల నిద్రపోతుంది. రోజు మొత్తంలో నా ప్రాణానికి సుఖం ఆ కాసేపే.

ఈ బుధవారం మాత్రం ఆ నిద్ర నాకు మధ్యాహ్నం కావాలి. నేను ఇంటినుంచే ఉద్యోగం చేస్తున్నాను. ఇక ఆఫీసుకు రమ్మని మా మేనేజరు పోరు పెడుతోంది. భోజనాల తర్వాత నేను క్లయింటుకు డెమో ఇవ్వాలి. పిల్ల ఏడుపు వినబడకుండా అది సాగితే ఇంకో ఆరు నెలలు ఇంట్లోంచే చేసుకోవచ్చు, లేదంటే సోమవారం నుంచి హైటెక్ సిటీకి రావాల్సిందేనని తేల్చి చెప్పింది. మా నేరేడ్‌మెట్ నుంచి అక్కడికి పోవడానికి ఒక జన్మ, రావడానికి ఇంకో జన్మ. పాలు తాగే పిల్లను వదిలి రోజంతా ఉండాలంటే నాకు ఏడుపొచ్చింది.

అందుకే ముందురోజే ఇంట్లో ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. స్నానం మధ్యాహ్నానికి జరపాలి, అప్పటిదాకా పిల్లకు కునుకు పట్టనీయకూడదు.

"మిట్టమధ్యాహ్నం ఎవరన్న నీళ్లు పోస్తరా? పడిశం పడ్తది," అంది అత్తమ్మ. ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"ఒక్కరోజే అత్తమ్మా."

"పొద్దుగాల నాకు ఇడ్సిపెట్టు. నేను ఆడిపిస్త," అన్నాడు మా ఆయన హరికిషన్. పిల్ల కోసం ఒక్కరోజు సెలవు పెట్టి, ఆ సంగతి అపార్ట్‌మెంటంతా చెప్పుకున్నాడు.

బుధవారం టిఫినయ్యాక పిల్లను సంచిలా పొట్టకు కట్టుకుని, కాప్రా చెరువు దగ్గర కొంగలను చూపిస్తానని బండి తీశాడు. నేను గది తలుపేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని స్లైడ్లు సరిచూసుకుంటూ కూర్చున్నాను. చివరికి బయటికొచ్చి చూస్తే పిల్ల అత్తమ్మ ఒళ్లో కూర్చుని గిలక్కాయ కొరుకుతోంది.

"పండుకోలే కదా?" అనడిగాను.

"యాడ పండుకుంది, చూస్తలేవా ఎట్ల ఆడుతుందో," అన్నాడు హరికిషన్. అత్తమ్మ కొంగు సర్దుకుంది.

నూనె అయింది, నీళ్లయ్యాయి, సాంబ్రాణీ అయింది. రోజూ పొగ వేస్తుండగానే వాలిపోయే రెప్పలు ఆ రోజు వాలలేదు. ఉయ్యాలలో వేస్తే కడ్డీ పట్టుకుని లేచి నిలబడింది. జోలపాడితే చప్పట్లు కొట్టింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఇంటెడుమందిమి ఉన్నాం, పిల్లకు నిద్ర లేదు. ఇంతలో కాల్ టైమైంది.

మూడో స్లైడు కాకుండానే తలుపు మీద చిన్న చేతులు పడ్డాయి. తర్వాత ఏడుపు. దాన్ని మాన్పించడానికి అత్తమ్మ స్టీలు పళ్లెం వాయించింది. హరికిషన్ కుక్కలా మొరిగాడు. క్లయింటు ఏదో అడిగాడు, నాకు వినబడలేదు. మళ్లీ అడిగాడు. ఇంకోరోజు చూద్దామన్నాడు. కాల్ కట్టయిన వెంటనే మేనేజరు మెసేజి వచ్చింది: సోమవారం ఆఫీసులో కలుద్దాం.

పిల్లను భుజానేసుకుని బాల్కనీలో నిలబడ్డాను. ఏడ్చేడ్చి వెక్కిళ్లు పెడుతోంది. కింది ఇంటి ప్రిసిల్లా ఆరిన బట్టలు తీస్తూ తలెత్తింది.

"ఏందీ, ఇంకా ఏడుస్తుందా? పొద్దున బండి దిగినప్పుడు మంచిగ పండుకుని ఉండె గద. మెడ వాల్చేసిందని నేనే జెర పట్టుకున్న."

లోపలికొచ్చి మా ఆయన ముఖం చూశాను. ఇక అడగాల్సిన పని లేదు, అయినా అడిగాను.

"గాలికి కన్నంటుకుంది," అన్నాడు. "లేపుదామంటే అమ్మ వద్దన్నది."

"పండుకున్న బిడ్డను లేపుతరా ఎవరన్న? నా ఒళ్లెనే ఉండె, తానే లేచింది," అంది అత్తమ్మ.

"చెప్తే తిడ్తవని చెప్పలే," అన్నాడు హరికిషన్. "అయిందేదో అయింది. కొన్ని రోజులు జాబ్ ఇడ్సిపెట్టరాదు. పాప పెద్దగైనంక చూస్కుందాం."

అక్కడ ఒళ్లు మండింది నాకు. పిల్ల నిద్రపోయింది వాళ్ల చేతుల్లో, పోవాల్సింది నా ఉద్యోగం.

"ఇడ్సిపెట్ట. సోమవారం నుంచి ఆఫీసుకే పోత. నువ్వు ఇంటికాడినుంచి చేస్తనని మీ సార్‌ను అడుగు."

"మా దాంట్ల ఇయ్యరు."

"అడిగినవా?"

పది నెలల్లో ఒక్కసారీ అడగలేదని నాకూ తెలుసు.

"మరి మధ్యాహ్నం పండుకోకుంటే ఎట్ల?" అంది అత్తమ్మ.

"బండి ఉంది కదా. టోపీ పెట్టి తిప్పుండ్రి."

అప్పటికి మిహిక నా భుజం మీదే నిద్రపోయింది. మా ఇంట్లో నిద్రపోయే పిల్లను ఎవరూ కదపరు. నేను కదిపాను. తీసుకెళ్లి హరికిషన్ చేతుల్లో పెట్టాను. అది ఉలిక్కిపడి లేచి గుక్కపట్టింది. అతను అలవాటుగా నా వైపు చూశాడు.

తువ్వాలు తీసుకుని బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకున్నాను. ఆ రోజు ఆ ఇంట్లో అప్పటిదాకా స్నానం చేయనిది నేనొక్కదాన్నే.