ఎవరి పట్ఠా

ముందే చెప్తున్నాను, నా రాతలో ఒత్తులు జారిపోతాయి, దీర్ఘాలు తప్పుతాయి. అరవై రెండేళ్లు దాటాక మనుమరాలు పక్కన కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది, ఇందులో తప్పులు సరిచేసిందీ అదే. ఇప్పటికీ నాలుగు వరుసలు రాసేసరికి ఎండ గోడ దిగుతుంది. నా వేళ్లు పెన్సిలును మనిషి మెడ పట్టినట్టు పట్టుకుంటాయి. "అమ్మమ్మా, అది యాడికి పారిపోదు, జర వదులుగ పట్టు" అని నవ్వుతుంది పిల్ల. మీరూ జర ఓపిక పట్టండి.

మట్టి కలపడంతో మొదలుపెడతాను, ఎందుకంటే నా రోజులన్నీ దానితోనే మొదలయ్యేవి. పదిహేనేళ్లకు, అరవై ఏడో సంవత్సరంలో, తెల్లాపూర్ నుంచి నల్లగండ్లకు కోడలిగా వచ్చాను. నా భర్త వీరేశం పహిల్వాన్. ఇంటి వెనకే తాలీం. తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు. నాలుగు గోడలు, పైన రేకులు, మధ్యలో మోకాలి లోతు ఎర్రమట్టి. కోడి కూయకముందే ఆ మట్టిని పారతో తిరగేసి, గడ్డలు చిదిమి, మజ్జిగ, పసుపు, నువ్వుల నూనె చిలకరించి, కాళ్లతో తొక్కి మెత్తగా చేయాలి. ఆ తర్వాత బాదంపప్పు నూరాలి, లంగోటలు ఉతకాలి, ఆయన వీపుకు నూనె రుద్దాలి. బాదంపప్పు ఆయనకు, పొట్టు నాకు. పొద్దు పొడిచాక మాత్రం ఆ మట్టిలో ఆడది కాలు పెట్టకూడదు. మా అత్త చంద్రమ్మ అనేది: "పొద్దు పొడువకముందు అది మట్టే. పొడిచినంక దేవుడు." రోజూ దేవుణ్ణి తొక్కి తయారుచేసి పక్కకు తప్పుకునేదాన్ని.

ఆ మట్టి వాసన నాకు చిన్నప్పటి నుంచే తెలుసు. మా తెల్లాపూర్ జాతరలో కుస్తీలు పిల్లలతో మొదలయ్యేవి. గెలిచిన పిల్లవాడికి కొబ్బరికాయ ఇచ్చేవారు. చివరి కుస్తీ పెద్ద పహిల్వాన్లది, దానికి వెండి కడియం. వీపుకు మట్టి అంటినవాడు ఓడినట్టు. మా నాయన బాలనర్సయ్య నాకు ఎనిమిదేళ్లప్పుడు లాగు తొడిగి నన్ను బరిలోకి దింపాడు. మూడు జాతరలు, మూడు కొబ్బరికాయలు. నాలుగో ఏడు మా అమ్మ లాగు దాచేసింది. ఆ రోజు గుంపులో నిలబడి చూస్తుంటే నా కాళ్ల కింద నేల నీళ్లలా కదిలింది. ఇప్పటికీ కలలో అలాగే కదులుతుంది.

పెళ్లయిన మూడేళ్లకు తాలీం ఖాళీ అయింది. లింగంపల్లి అవతల పెద్ద ఫ్యాక్టరీ వచ్చింది కదా, పొద్దుపొద్దున పట్టు పట్టడానికి వచ్చేవాళ్లంతా షిఫ్టులకు పోయారు. ఆయనకు జోడీ లేకుండా పోయింది. ఒకనాడు నేను మట్టి తొక్కుతుంటే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "జర నిలబడు. పట్టు మర్చిపోతున్న" అన్నాడు. అట్లా నేను ఆయనకు జోడీనయ్యాను. గోచి బిగించి కట్టుకుని, పొద్దు పొడవకముందు, ఒకరి ముఖం ఒకరికి సరిగా కనబడని ఆ బూడిదరంగు వెలుగులో పట్టేవాళ్లం. ఆయన మాట తక్కువ మనిషి. ఆ వేళలో మాత్రం ఎంతో నెమ్మదిగా చెప్పేవాడు, నడుము కింది నుంచి బలం తీయమని, నేల వైపు చూడొద్దని, నేల ఎక్కడుందో అరికాళ్లకు తెలుసని. మిగతా పగలంతా ఉప్పెక్కువైందనో నీళ్లు చల్లారాయనో తప్ప నాతో మాట్లాడేవాడు కాదు. ఆ అరగంట కోసమే నేను రాత్రి పడుకునేదాన్నేమో.

రెండేళ్లు నా వీపుకే మట్టి. అత్త చూసి, ఇంటి కోడలి వీపుకు ఆ మట్టేంది, పందిలెక్క పొర్లుతవా అనేది. నేను బావి దగ్గర కడుక్కునేదాన్ని.

ధోబీపాట్ అని ఒక పట్టు ఉంది. ఎదుటివాడి చేయి భుజం మీదికి లాక్కుని, నడుము వంచి, బండ మీద బట్ట కొట్టినట్టు ముందుకు వేయడం. ఆయన దాన్ని నెల రోజులు విడమరిచి చెప్పాడు. నేను వింటూ నా ఉతుకుడు బండనే తలుచుకున్నాను. తడిసిన దుప్పటి బరువు నా భుజాలకు తెలుసు, ఏ క్షణంలో వదలాలో నా నడుముకు తెలుసు. ఒక పొద్దున ఆయన చేయి దుప్పటి కొంగులా నా చేతికి వచ్చింది. తర్వాత చూస్తే ఆయన మట్టిలో వెల్లకిలా ఉన్నాడు. చాలాసేపు లేవలేదు, రేకుల సందులోంచి ఆకాశం చూస్తూ ఉండిపోయాడు. భయపడ్డాను. లేచి, "వీపు తుడువు. అమ్మ చూస్తది" అన్నాడు. నా కొంగుతో తుడిచాను. ఆ చీర వారం దాకా ఉతకలేదు.

డెబ్బై నాలుగులో సర్కస్‌లో పనిచేసే రత్నమాల అనే పహిల్వాన్ తెల్లాపూర్ జాతరకు వచ్చింది. బెజవాడ వైపు మనిషి. తనతో పట్టడానికి ఆడది ఎవరైనా ఉందా అని డప్పు కొట్టించింది. ఊళ్లో మగవాళ్లు నవ్వుకున్నారు. ఆయన నవ్వలేదు. ఇంటికి వచ్చి, చివరి కడియం ఈసారి ఆ కుస్తీకే పెట్టారని చెప్పాడు. అత్త నెత్తి కొట్టుకుంది. నేను గోచి చీరలలో గట్టిది వెతికి పెట్టుకున్నాను.

ఆ కుస్తీ నాకు పూర్తిగా గుర్తులేదు. చప్పుడంతా ఎక్కడో చెరువు అవతల ఉన్నట్టు, నేనూ ఆమే మాత్రం నీళ్ల అడుగున ఉన్నట్టు. ఆమె చెమటకు కొబ్బరినూనె వాసన. తర్వాత ఆమె వీపు, దాని మీద అరచేయంత మట్టి. జాతరలో డప్పు కొట్టే మొగిలి దరువేసి అరిచాడు: "గెలిచింది వీరేశం పట్ఠా!"

పట్ఠా అంటే శిష్యుడు. మా దిక్కు బరిలోకి దిగినవాణ్ణయినా, గెలిచినవాణ్ణయినా ఉస్తాద్ పేరుతోనే పిలుస్తారు. కడియం కూడా ముందు ఉస్తాద్ చేతికే తొడుగుతారు, ఆయన ఇంటికి పోయి తన పట్ఠా చేతికి మారుస్తాడు. అది రివాజు. జనం ఆయన్ని భుజాల మీద ఎత్తుకుని పోయారు. నేను మట్టిలోనే నిలబడ్డాను. రత్నమాల జుట్టు ముడివేసుకుంటూ దగ్గరికి వచ్చింది.

"నీ పేరేంటమ్మా?"

"నా పేరెందుకు?"

"నన్ను పడేసిన మనిషి పేరు తెలియకుండా ఎలా వెళ్లనండీ?"

చెప్పాను. పెళ్లయ్యాక నా పేరు నా నోట రావడం అదే మొదలు.

ఆ సాయంత్రం అన్నం పెట్టి ఎదురుచూశాను. ఆయన తిన్నాడు. కడియం ఉన్న చేత్తోనే చేయి కడుక్కున్నాడు. "నీ చేతికి వదులైతది" అన్నాడు. ఆ తర్వాత మూడేళ్లలో ఇంకో మూడు కుస్తీలు గెలిచాను, ఒకటి శేరిలింగంపల్లిలో, రెండు పటాన్‌చెరులో. అక్కడ గెలుపుకు చీరలే ఇచ్చారు. మూడుసార్లూ వీరేశం పట్ఠానే. నడుమ బిడ్డ కనకలక్ష్మి పుట్టింది.

డెబ్బై ఎనిమిది వానకాలంలో ఆయనకు కామెర్లు వచ్చాయి. దవాఖానలో ఇరవై రోజులున్నాడు. చేయి చిక్కి, కడియం మోచేతి దాకా జారేది. చివరిరోజు దాన్ని తిప్పుకుంటూ నా దిక్కు చూశాడు. ఏదో అంటాడనుకున్నాను. నీళ్లడిగాడు.

పదకొండో రోజు ఆడవాళ్లు నన్ను పీట మీద కూర్చోబెట్టి గాజులు పగలగొట్టారు. కడియం మరిది ఎల్లేశానికి ఇవ్వాలన్నారు, మగవాడి సొమ్ము మగవాడికే పోవాలని. అది పళ్లెంలో పసుపు పక్కన ఉంది. ఎల్లేశం చేయి చాపాడు. బోసిపోయిన నా చేయి దానికంటే ముందు పోయింది. మోటుగా నొక్కి తొడుక్కున్నాను. వదులేమీ కాలేదు.

"ఏంది వదినా, ముండమోసినంక కడియమా?" అన్నాడు ఎల్లేశం.

"ఇది నేను గెలిచింది" అన్నాను.

చంద్రమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆమె చేతులు ముప్పై ఏళ్లుగా బోడివే.

తర్వాత ఆరు నెలలు ఏ శుభానికీ నన్ను పిలవలేదు. నేను మాత్రం రోజూ మట్టి తిరగేశాను, ఎవరి కోసమని ఎవరూ అడగలేదు. తెల్లాపూర్ జాతర వచ్చింది. హైదరాబాద్ నుంచి ఒక ఆడ పహిల్వాన్ వచ్చిందని విన్నాను. బిడ్డను చంకనేసుకుని బయలుదేరాను. అత్త వెనకాలే నడిచింది, దారి పొడవునా ఒక్క మాట లేదు, తిట్టయినా లేదు. రాళ్లగుట్టల మీద ఎండ తెల్లగా, పాలు పోసినట్టు ఉంది. గుంపు నన్ను చూసి పక్కకు జరిగింది, ఎదురు రాకూడదని కొందరు ముఖం తిప్పుకున్నారు. బరి అంచున ఆగాను. అప్పుడు అత్త చేతులు చాచింది.

"పోరిని ఇటియ్యి. చేతులు ఖాళీగుండాలె."

గోచి బిగించి మట్టిలోకి దిగాను. పొద్దు నడినెత్తిన ఉంది. మొగిలి నా చేతి కడియం చూశాడు, నన్ను చూశాడు. ఉస్తాద్ లేని మనిషిని ఏమని పిలవాలో అతనికి తెలియలేదు. డప్పు కర్ర ఎత్తి పట్టుకుని అడిగాడు:

"ఎవరి పట్ఠా అని చెప్పాలె?"

రుక్కమ్మ. డెబ్బై రెండేళ్లు. నల్లగండ్ల.