ఇంటిపేరుకు పడిన ఓట్లు

లాస్టర్ కౌంటీలో కాల్డర్ల పేరు లేని చోటు వెతకాలంటే కష్టం. నది మీద వంతెన కాల్డర్ వంతెన. హైస్కూలు కాల్డర్ హైస్కూలు. పెద్దాయన రాష్ట్ర సెనేట్‌లో పాతికేళ్లు కూర్చున్నాడు. ఆయన కొడుకు జడ్జిగా ఇరవై ఏళ్లు కూర్చున్నాడు. మనవడు రాయిస్ కౌంటీ రికార్డరుగా ఎనిమిదేళ్లు కూర్చున్నాడు. రికార్డరంటే భూముల దస్తావేజులు రిజిస్టరు చేసే అధికారి, ఇండియానా రాష్ట్రంలో దానికీ ఎన్నికే. రాయిస్ విషయంలో కూర్చున్నాడనడం కూడా కాస్త ఎక్కువే. గోల్ఫ్ మైదానం తడిగా ఉన్న రోజున తప్ప అతను ఆ కుర్చీలో కనిపించేవాడు కాదు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నట్టుండేది వ్యవహారం.

పని చేసింది అతని భార్య ఆర్లిస్. పెళ్లికి ముందే ఆ ఆఫీసులో గుమస్తాగా చేరింది. ఎవరి పొలం ఎవరి పొలానికి ఆనుకుని ఉందో, ఏ గట్టు దగ్గర ఏ అన్నదమ్ములు మాటలు మానుకున్నారో, ఏ దస్తావేజు ఏ పుస్తకంలో ఎన్నో పేజీలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఊళ్లో ఈ సంగతి అందరికీ తెలుసు. "సంతకం రాయిస్‌ది, చెయ్యి ఆర్లిస్‌ది" అనేవాళ్లు.

రికార్డరు పదవి వరుసగా రెండుసార్లే. ఆ రెండోసారి ముగియవస్తుండగా, పందొమ్మిది వందల ఎనభై అయిదు చివర్లో, రాయిస్ రాజీనామా కూడా ఇవ్వకుండా ఇళ్లస్థలాలు అమ్మే ఒకావిడతో ఫ్లోరిడా వెళ్లిపోయాడు. విడాకుల కాగితాలు పోస్టులో వచ్చాయి. పందొమ్మిదేళ్ల కాపురంలో ఆర్లిస్‌కు మిగిలినవి మూడు: ఒక చిన్న ఇల్లు, ఆఫీసులో తన బల్ల, కాల్డర్ అన్న ఇంటిపేరు.

ఆ కుర్చీకి ఈసారి కాల్డర్లు గ్రాంట్‌ను దించారు. రాయిస్ అన్న కొడుకు, ఇరవై ఆరేళ్లవాడు, చికాగోలో లా చదివి అప్పుడే ఇంటికొచ్చాడు. అదే వారం ఆర్లిస్ తానూ నిలబడతానంది. ఆ కౌంటీలో మే నెలలో పార్టీలోపలి ఎన్నిక గెలిస్తే నవంబరులో గెలిచినట్టే. అవతలి పార్టీవాళ్లు మనిషిని నిలబెట్టడం కూడా మానేసి చాలాకాలమైంది.

ఆ ఆదివారం చర్చి వదిలాక వినిఫ్రెడ్ కాల్డర్ వచ్చింది. పాత జడ్జిగారి భార్య, రాయిస్ తల్లి. డెబ్భై రెండేళ్ల మనిషి, చేతికి గ్లవ్స్, చేతిలో దాల్చినచెక్క కేకు.

"నిలబడుతున్నావటగా అమ్మాయ్. మంచిపని చేశావు. ఆ ఆఫీసు సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

"నిలబడేది మీ మనవడి మీద అత్తయ్యా."

"అయితే ఏం? ఆడుకోండి ఇద్దరూ. నేనొచ్చింది దానికి కాదు." ఆవిడ గ్లవ్స్ విప్పి ఒళ్లో పెట్టుకుంది. "మావాళ్లంతా కూర్చుని, కోర్టుకెళ్లి నీ దగ్గర్నుంచి పేరు లాక్కుందామన్నారు. నేనే పడనివ్వలేదు. పాపం ఒంటరిది, ఉంచుకోనివ్వండిరా అన్నాను."

"ఏది ఉంచుకోనివ్వమన్నారు?"

"మా ఇంటిపేరు. అది కూడా లేకపోతే నీ మొహం చూసి ఓటెవరేస్తారు చెప్పు? మీ నాన్న పేరా, నోరు తిరగదాయె. ఉంచుకో. మా ఇంట్లో పాత కోటు ఒకటి ఇచ్చామనుకుంటాంలే."

ఆర్లిస్‌కు చెవుల దాకా వేడెక్కింది. "మీరు పుట్టుకతో కాల్డరేం కాదుగా?"

"కాదు. పుట్టింటి పేరు మరిచిపోయి నలభై ఎనిమిదేళ్లయింది. అందుకే ఇక్కడిదాకా వచ్చాను." వినిఫ్రెడ్ లేచి ఆర్లిస్ భుజం తట్టింది. "కేకు చల్లారాక కొయ్యి. వేడిమీద విరిగిపోతుంది."

ఆవిడ కారు మలుపు తిరగకముందే ఆర్లిస్ కేకు తీసి చెత్తబుట్ట దగ్గరికి నడిచింది. వంటింటి గుమ్మంలో తమ్ముడు కాజ్ అడ్డుపడ్డాడు. కాజ్ ఏ పనిలోనూ ఒక చలికాలం దాటి నిలబడిన మనిషి కాదు. ప్రస్తుతానికి అక్క ప్రచారానికి బోర్డులు రాసే పనిలో ఉన్నాడు.

"కేకేం పాపం చేసిందే అక్కా? ఇటియ్యి."

"తిను. తిని, ఆ బోర్డుల మీద కాల్డర్ అన్నది చెరిపెయ్. రేపే కోర్టుకెళ్తున్నా. మన పేరు వెనక్కి తెచ్చుకుంటా."

కాజ్ నోట్లో ముక్క నోట్లోనే ఆగింది. "వోయ్తాసిక్ అని ఓట్లడుగుతావా? పోలండు పేరు, ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు, ఒక్కటీ రాసినట్టు పలకదు! మన వీధి దాటితే ఆ పేరు సరిగ్గా అనేది చర్చిలో ఫాదరొక్కడే."

"నేర్చుకుంటారు."

"మే నెల లోపలా?"

"పాత కోటు వేసుకుని గెలవడం కన్నా నా చొక్కాతో ఓడిపోతాను. రాయి."

మర్నాడు కోర్టులో పని పది నిమిషాల్లో అయిపోయింది. మామూలుగా పేరు మార్పుకు మూడు వారాలు పడుతుంది. ఇప్పటి జడ్జిగారు, ఆయన వినిఫ్రెడ్‌తో గురువారాలు పేకాడే మనిషి, నవ్వుతూ సంతకం పెట్టి "శుభం" అన్నాడు. లోకంలో ఇంకా మంచితనం ఉందనుకుంది ఆర్లిస్.

తర్వాత ఎనిమిది వారాలు ఆవిడ ఇల్లిల్లూ తిరిగింది. పందుల కొట్టాల దగ్గర, చర్చి భోజనాల దగ్గర, ధాన్యం గిడ్డంగి వరండాలో మాట్లాడింది. అందరూ ఆప్యాయంగా పలకరించారు. "నీకు కాకపోతే ఇంకెవరికేస్తాం ఆర్లిస్" అన్నారు. కరపత్రం తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నారు. విప్పి చదివినవాళ్లు ఎందరో దేవుడికే తెలియాలి. చదవడానికేముంది, తెలిసిన మనిషే కదా.

గ్రాంట్ కూడా తిరిగాడు కానీ జనానికి అతని మొహం గుర్తుండలేదు. మంచి పిల్లాడు, మాటకు ముందు చెమట పట్టేది.

ఓట్ల రోజు ఫైరింజన్ల షెడ్డులో యంత్రాలు పెట్టారు. తెర లాగి లోపలికి వెళ్తే వరసగా పేర్లు, పేరు పక్కన చిన్న ఇనుప మీట. సాయంత్రానికి లెక్క తేలింది. గ్రాంట్ కాల్డర్‌కు మూడువేల నూటపన్నెండు. ఆర్లిస్ వోయ్తాసిక్‌కు రెండువేల ఎనిమిదివందల డెబ్భై.

ఆర్లిస్ ఏడవలేదు. పొద్దున్నే హోటల్‌కు వెళ్లి ఎప్పటిలా కాఫీ చెప్పింది. పందులు పెంచే హార్లన్ బీబీ టోపీ తీసి మరీ ఎదురొచ్చాడు.

"కంగ్రాట్యులేషన్స్ ఆర్లిస్! మా ఇంట్లో అయిదు ఓట్లూ నీకే. మా ముసలమ్మని కూడా ఎత్తుకెళ్లి వేయించా."

"ఓడిపోయాను హార్లన్."

"అదేంటి? పేపర్లో కాల్డర్ గెలిచినట్టుందే?"

"హార్లన్, నువ్వు ఏ మీట లాగావు?"

"కాల్డర్ అన్న మీట. ఇంకేది లాగుతాను? ఆ రెండోదేదో రష్యావాడి పేరు. వాడెవడో మనకేం తెలుసు?"

"ముందు గ్రాంట్ అని రాసుంటుందిగా!"

"ముందేముందో ఎవడు చూశాడు?" అన్నాడు హార్లన్. "ఆ ఆఫీసులో కాల్డర్ అంటే నువ్వే కదా."

మధ్యాహ్నానికి ముప్పై ఒక్కమంది అభినందించారు. పూలకొట్టు యజమాని గులాబీలు పంపాడు. బ్యాంకు మేనేజరు "న్యాయం గెలిచిందమ్మా" అన్నాడు. ఎనిమిది వారాలు కాళ్లరిగేలా తిరిగి గ్రాంట్‌ను గెలిపించింది తానేనని ఆర్లిస్‌కు అప్పుడు పూర్తిగా అర్థమైంది. దానితోపాటు ఆ పది నిమిషాల సంతకం కూడా అర్థమైంది.

నేరుగా కాల్డర్ల ఇంటికి నడిచింది. వినిఫ్రెడ్ పెరట్లో తులిప్ మొక్కల వాడిన పూలు కత్తెరతో కత్తిరిస్తోంది.

"మీకు ముందే తెలుసు" అంది ఆర్లిస్.

"ముగ్గురు కాల్డర్లను గెలిపించిన దాన్నమ్మా, ఆ మాత్రం తెలియదా?" ఆవిడ తల ఎత్తలేదు. "నువ్వు పేరు అట్టిపెట్టుకుంటే మావాడు ఏడొందలతో ఓడిపోయేవాడు. వదిలెయ్యమంటే పంతానికి పట్టుకుని కూర్చునేదానివి. కాబట్టి ఉంచుకోమన్నాను."

కోపంతో వచ్చిన ఆర్లిస్‌కు కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువైంది. అడిగేసింది. "ఇంత బుర్ర పెట్టుకుని మీరే ఎందుకు నిలబడలేదు అత్తయ్యా?"

వినిఫ్రెడ్ చేతిలోని కత్తెర ఒక్క క్షణం ఆగింది. "నా రోజుల్లో ఎవరూ అడగలేదు." మళ్లీ కత్తిరించడం మొదలుపెట్టింది. "జనవరి నుంచి నీ బల్ల నీదే. గ్రాంట్‌కు పని నేర్పు."

"నేర్పను."

డిసెంబరు ముప్పై ఒకటిన ఆర్లిస్ తన కాఫీ కప్పు, స్వెటరు తీసుకుని ఆఫీసు వదిలింది. ఎదురుగా, రోడ్డవతల, క్షౌరశాల పైన ఒక గది అద్దెకు తీసుకుని, భూములు కొనేవాళ్లకు పాత దస్తావేజులు వెతికిపెట్టే పని మొదలుపెట్టింది.

ఆఫీసులో కథ వేరుగా నడిచింది. గ్రాంట్ కొత్త పద్ధతి పెట్టాడు. దస్తావేజుల పట్టికను ఇంటిపేర్ల వరుసలో కాకుండా సొంతపేర్ల వరుసలో రాయించాడు. కౌంటీలో నాలుగొందల మంది జాన్‌లు ఒక్కచోట పడ్డారు. వసంతంలో విత్తనాల కోసం బ్యాంకుకు వెళ్లిన రైతులకు, పొలం మీదేనన్న కాగితం దొరకట్లేదు, దొరికాక రండి అన్న జవాబు వచ్చింది. గ్రాంట్ చెమటలు తుడుచుకుంటూ రోడ్డు దాటి మెట్లెక్కేవాడు.

"పిన్నీ, బీబీవాళ్ల కాలువగట్టు కాగితం ఎక్కడుంటుంది?"

"ఏడో బీరువా, పై అర, ఎర్ర అట్ట పుస్తకం. నీకోసం చెప్పట్లేదు, హార్లన్ కోసం చెబుతున్నా."

"తెలుసు పిన్నీ." గుమ్మంలో నిలబడి, "ఆ ఓట్లు నావి కావని కూడా తెలుసు" అనేవాడు, పాపం నిజాయితీగానే.

పద్నాలుగు నెలలు గడిచాయి. అప్పుడు రాష్ట్ర శాసనసభలో ఒక సీటు ఖాళీ అయితే పార్టీవాళ్లు గ్రాంట్‌ను అందులోకి ఎక్కించారు. పార్టీ అధ్యక్షుడు డ్వేన్ ఫుల్లర్ సిద్ధాంతం ఒకటుంది: చేతకానివాణ్ణి కింది మెట్టు మీద ఉంచితే అందరికీ కనబడతాడు, పైకెక్కిస్తే ఎవరికీ కనబడడు. అలా ఖాళీ అయిన రికార్డరు కుర్చీలో మిగిలిన కాలానికి మనిషిని వేసేది పార్టీ కమిటీ. ఫుల్లర్ ఆయాసపడుతూ క్షౌరశాల మెట్లెక్కాడు.

"రికార్డరుగా నిన్నే వేద్దామనుకుంటున్నాం ఆర్లిస్. ఒక్కటే చిన్న మాట. జడ్జిగారితో మాట్లాడి ఉంచాను, పది నిమిషాల పని. పేరు మళ్లీ కాల్డర్‌గా..."

"మీకు మనిషి కావాలా, పేరు కావాలా?"

"రెండూ కావాలి తల్లీ."

"ఒకటే ఉంది. మొన్న పేరును ఎన్నుకున్నారుగా, ఎలా ఉంది?"

ఫుల్లర్ కిటికీలోంచి ఎదురుగా చూశాడు. రికార్డరు ఆఫీసు ముందు రైతుల వరుస వీధి చివరిదాకా ఉంది. మెట్లు దిగి వెళ్లిపోయాడు. కమిటీ సమావేశంలో వోయ్తాసిక్ పేరుకు అందరికన్నా ముందు చెయ్యెత్తింది వినిఫ్రెడే. "మావాడు చేసిన కంగాళీ వచ్చే ఎన్నికలోపల ఎవరో ఒకరు కడగాలిగా" అందట.

ఆర్లిస్ ఆరు నెలల్లో కడిగేసింది. తర్వాతి ఎన్నికలో ఎవరూ పోటీకి రాలేదు. ఆ ఎనిమిది అక్షరాలు జనం మెల్లగా నేర్చుకున్నారు, పిల్లలు కూడా తప్పుల్లేకుండా రాసేవాళ్లు. "వోయ్తాసిక్ అంటే పనిమంతుల వంశం" అని హార్లన్ కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పేవాడు.

తొంభై నాలుగులో ఒకరోజు కాజ్ వచ్చి, టౌన్‌షిప్ ట్రస్టీ పదవికి నిలబడుతున్నానన్నాడు. ఊరి ఫైరింజను, శ్మశానం, బీదవాళ్ల సాయం చూసే పదవి అది.

"నీకేం వచ్చురా ఆ పని?" అంది ఆర్లిస్.

"ఏమీ రాదు. రావాలా? నేను వోయ్తాసిక్‌ని అక్కా!"

అతని మీద నిలబడింది ఐరీన్ మోలర్. పదకొండేళ్లుగా ట్రస్టీ ఆఫీసులో గుమస్తా. ట్రస్టీలు మారారు గానీ పని మాత్రం ఐరీనే చేసింది. చలికాలంలో ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ఆవిడకు కాగితం చూడకుండా తెలుసు. ఆ సంగతి ఆర్లిస్‌కు ఇంకా బాగా తెలుసు.

మే నెలలో, సన్నగా వాన పడుతుండగా, ఆర్లిస్ ఫైరింజన్ల షెడ్డుకు వెళ్లి తెర లాక్కుంది. రెండు పేర్లు, రెండు మీటలు. ఐరీన్ మీట మీద వేలు పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది. బయట వరుసలో ఎవరో దగ్గారు. పొలం పనికి పోయి అలిసిపోయిన నాన్న, పేరు తప్పుగా రాసిన కూలి చీటీని పట్టుకుని ఏమీ అనలేక నిలబడిన రోజు గుర్తొచ్చింది. వేలు కిందికి జరిపి తమ్ముడి మీట లాగింది.

బయట గొడుగు కింద ఐరీన్ కరపత్రాలు పంచుతోంది.

"ఎవరికి వేశావని అడగన్లే ఆర్లిస్" అంది నవ్వుతూ.

"మొక్కజొన్నకు మంచి వాన" అంది ఆర్లిస్.

"అవును, మంచి వాన" అంది ఐరీన్.

కాజ్ పదిహేనువందల ఆధిక్యంతో గెలిచాడు. మర్నాడు ఉదయం పదకొండు దాకా నిద్ర లేవలేదు.