మా ఆయన మడమకి అంటుకున్న అయస్కాంతం

మా ఆయన టైలరు. నేను కాజాలు కుడతాను, బొత్తాలు పెడతాను, ఆయన గొప్పలు వింటాను. మూడింటిలో నా ప్రాణం తీసేది చివరిదే.

పోయిన ఏడాదంతా ఆ గొప్పలు కాళ్ళ గురించి. అంతకుముందు రెండేళ్ళు అరికాళ్ళు మంటలనీ, చీమలు పాకుతున్నాయనీ ఒకటే గోల. చన్నీళ్ళ బకెట్టులో కాళ్ళు పెట్టుకుని చేతికుట్లు వేసేదాకా వెళ్ళాడంటే చూసుకోండి. షుగర్ ఉందని తెలుసు. మాత్రలు ఇంట్లోనే ఉన్నాయి, వేసుకునే మనిషే లేడు. ఉన్నట్టుండి ఓ రోజు మంటలు పోయాయి. ఆ పూటే కేకు తెచ్చుకున్నాడు మహానుభావుడు.

"చూశావా? జబ్బుని ఒక్క తన్ను తన్నాను, పారిపోయింది" అన్నాడు.

"ఏ కాలితో తన్నారో?" అన్నాను. వినపడనట్టు ఇంకో ముక్క కోసుకున్నాడు.

ఇక పట్టపగ్గాల్లేవు. మిట్టమధ్యాహ్నం మేడ మీద వట్టి కాళ్ళతో తిరిగి బట్టలు ఆరేసి వచ్చేవాడు. బజార్లో ఒక చెప్పు జారిపోతే, ఒంటి చెప్పుతో ఇంటిదాకా నడిచొచ్చి, "దారిలో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారే, ఎందుకంటావ్?" అని నన్నడిగాడు. పెడలు మీద కాలు ఎంత బలంగా పడుతోందో తెలిసేది కాదు. మోటారు మిషను రయ్యిమని పరిగెత్తేది. ఓ బ్యాంకు మేనేజరుగారి ప్యాంటు రెండు కాళ్ళూ కలిపి కుట్టిపారేశాడు. "బ్యాంకుకి గెంతుకుంటూ వెళ్ళమంటారా?" అన్నారాయన పాపం, చాలా మర్యాదగా.

"డాక్టరమ్మకి చూపించుకోండి" అని రోజూ పోరేదాన్ని.

"నొప్పి ఉన్నవాళ్ళు వెళతారే పిచ్చిదానా. నాకేం నొప్పి?"

నాకు ఒళ్ళు మండిపోయేది. నిజం చెప్పొద్దూ, గుండెల్లో రాయి పడేది కూడా. ఎదురుకొట్టు తాళాలాయన ఇలాగే నొప్పి లేదు, నొప్పి లేదు అంటూ కూర్చుని, పుండు ముదిరి పాదం తీయించుకున్నాడు. ఈయన పాదం పోతే మిషను ఎలా తొక్కుతాడు? మిషను తొక్కకపోతే ఈ మనిషి బతుకుతాడా?

మా కొట్లో ఓ పద్ధతుంది. సాయంత్రం కొట్టు కట్టేసేముందు తాడుకి కట్టిన అయస్కాంతాన్ని నేను నేలంతా ఈడుస్తాను. కింద పడ్డ గుండుసూదులు దానికి అంటుకుని వచ్చేస్తాయి. ఆ రోజు మిషను కింద ఈడుస్తుంటే అది టక్కుమని ఆయన మడమకి అంటుకుంది. లాగాను, రాలేదు.

"కింద ఏం చేస్తున్నావే?"

"మీ కాలు ఎత్తండి ముందు."

ఎత్తాడు. మడమలో ఓ సూది గుండుదాకా దిగి ఉంది. దాని పక్కన ఇంకోటి. బొటనవేలి కింద ఎర్ర గుండుది మూడోది. చుట్టూ వాచి, చీము పట్టింది. "అమ్మో! అమ్మో!" అని నేను గావుకేకలు పెడుతుంటే ఆయన వంగి చూసుకున్నాడు.

"ఓహో, ఎర్రది ఇక్కడుందా! రెండ్రోజుల్నుంచి దీనికోసమే వెతుకుతున్నాను" అన్నాడు.

కొలతల టేపు ఆయన నడుముకి చుట్టి ఆసుపత్రికి లాక్కెళ్ళాను.

డాక్టరమ్మ సూదులు తీసి, శుభ్రం చేసి, ఓపిగ్గా చెప్పింది. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువుంటే నరాల్లోని కణాలు దాన్ని అరాయించుకోలేక చెడిపోతాయట. ఆ నరాలకి తిండి మోసే సన్నటి రక్తనాళాలూ పాడవుతాయట. ఒంట్లో అన్నిటికన్నా పొడుగు నరాలు పాదాలవి కాబట్టి దెబ్బ ముందు అక్కడే.

"మంటలంటే నరం మొత్తుకోవడమండీ. ఆగిపోయాయంటే దానికి మొత్తుకునే శక్తి కూడా పోయిందన్నమాట."

"అబ్బే, నావి ఇనుప నరాలు" అన్నాడీయన.

ఆవిడ సన్నటి నైలాను పోగు తీసింది. "కళ్ళు మూసుకోండి. పాదానికి తగిలినప్పుడల్లా 'ఆ' అనండి."

కాసేపు ఊరుకున్నాడు. తర్వాత అందుకున్నాడు. "ఆ." కొంచెం ఆగి, "ఆ." మళ్ళీ, "ఆ." హమ్మయ్య అనుకుని అటు చూశాను. డాక్టరమ్మ పోగు బల్లమీద పెట్టేసి, చేతులు కట్టుకుని కూర్చుంది. ఈయన మాత్రం "ఆ... ఆ..." అంటూనే ఉన్నాడు. నాకు పకపకా నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది.

ఆయన కళ్ళు తెరిచాడు. బల్లమీది పోగు చూశాడు. "ఎప్పుడాపేశారు?"

"ముందు ఆరుసార్లు తాకించానండీ. అప్పుడు మీరు పలకలేదు."

ఆయన ఆ పోగు తీసుకుని తనే అరికాలికి తాకించి చూసుకున్నాడు. పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు, షుగర్ అదుపులో పెట్టి రోజూ అరికాళ్ళు చూసుకుంటే పాదం మాత్రం దక్కించుకోవచ్చు అంది డాక్టరమ్మ. ఆయన బుద్ధిగా తలూపి, పాదానికి కట్టు కట్టించుకున్నాడు.

కట్టు సరిగా కూర్చుందో లేదోనని నేను నేలమీద చతికిలబడి ఆ పాదం ఒళ్ళో పెట్టుకున్నాను. రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయన మొహం గోడవైపు తిప్పుకుని ఉన్నాడు.

"పట్టుకున్నావా?" అన్నాడు.

"ఆఁ, పట్టుకున్నాను."

"వదలకు."

"వదిలితే మాత్రం మీకు తెలుస్తుందా ఏంటి?" అని కసిరాను. వదల్లేదు.