స్కాట్లాండ్‌లో నా గది

పద్మ నాకు చేసిన పని పగవాళ్ళు కూడా చెయ్యరు. చెప్తాను, మీరే తీర్పు చెప్పండి.

అమెరికాలో, కాపెల్ అనే ఊళ్ళో మా రెండిళ్ళకీ మధ్య ఒక్క ఫెన్స్. పదేళ్ళ స్నేహం. స్కాట్లాండ్‌లో కొండల మధ్య ఒక పాత దొరల బంగళా ఉంది, ఇప్పుడది ఖరీదైన హోటల్. సరస్సు కనిపించే గది, గదిలో ఫైర్‌ప్లేస్, పొద్దున్నే వెండి ట్రేలో టీ. నా నలభయ్యో పుట్టినరోజుకి రెండు కుటుంబాలూ వెళ్దామని, ఏ గది తీసుకోవాలో, ఏ పూట ఎక్కడ తినాలో అంతా నేనే రాసిపెట్టాను. తీరా చూస్తే నా వీసా స్టాంప్ ఎక్స్‌పైర్ అయిపోయింది. దేశం దాటితే మళ్ళీ ఎప్పుడు రానిస్తారో తెలీదు. పద్మావాళ్ళకి ఆ బాధ లేదు, సిటిజన్స్ అయిపోయారు.

నేను ఏడుస్తుంటే పద్మ నా తలమీద చెయ్యి పెట్టింది. "నువ్వు లేకుండా ఆ గడప తొక్కను, ఒట్టు. నీకు గ్రీన్ కార్డ్ వచ్చాకే వెళ్దాం" అంది. పిచ్చిదాన్ని, నమ్మాను.

జూన్‌లో "ఫ్లోరిడా వెళ్తున్నామే, కరివేపాకు మొక్కకి నీళ్ళు పొయ్యి" అంది. ఆ మండుటెండలో పది రోజులు పోశాను.

నిన్న వాళ్ళింట్లో పాట్‌లక్, తలా ఒక వంట పట్టుకెళ్ళాం. దాని కూతురు అనిక, ఏడేళ్ళది, నా పక్కన కూర్చుని పులిహోర తింటోంది.

"నళిని ఆంటీ, మీరు చెప్పిన స్కాట్లాండ్ హోటల్‌లో మేము స్టే చేశాం! లేక్ వ్యూ రూమ్! అమ్మ మీకు చెప్పొద్దు అంది."

"ఎందుకమ్మా?"

"మీ దిష్టి పడుతుంది అంట. దిష్టి అంటే ఏంటి ఆంటీ?"

పద్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "అది కాదే నళినీ, ప్రయాణం అయ్యేదాకా ఎవరికీ చెప్పం కదా మనం..."

నిజమే, చెప్పం. వీసా వచ్చేదాకా, ఇల్లు కొనేదాకా మనవాళ్ళెవ్వరూ నోరు విప్పరు. నేనూ విప్పను, ఒక్క పద్మ దగ్గర తప్ప. నా ఒళ్ళంతా మండిపోయింది.

"నా కళ్ళు అంత చెడ్డవైతే, పుట్టినప్పట్నుంచీ నీ పిల్లని నా ఒళ్ళో ఎలా పడుకోబెట్టావే?" అన్నాను.

పద్మ అనిక రెక్క పట్టుకుని నా పక్కనుంచి లేపి, తన వెనక్కి లాక్కుంది.