గుండుసూదుల నోటి ఊఁ

దర్జీ గారింటి కోడలికి సోమవారం పరీక్ష. రాసే పరీక్ష కాదు. పెద్దవాళ్లకి సాయంత్రంపూట ఇంగ్లీషు నేర్పే బడిలో ఒక్క పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం. లేదంటే మళ్లీ ఇంట్లో కాజాలు కుట్టుకోవడమే.

ఒకే మాటకి నాలుగైదు అర్థాలుండటం, అదీ పాఠం. వారంగా అత్తగారి మీదే సాధన చేస్తోంది. అత్తగారు కింద కూచుని గౌను అంచు మడిచి గుండుసూదులు గుచ్చుతుంటే, కోడలు మిషన్ తొక్కుతూ చెప్పేది.

"లైట్ అంటే దీపం అత్తయ్యా. బరువు లేనిదీ లైటే. ముదురు కాని రంగూ లైటే. తెలిసిందా?"

"ఊఁ."

"ఫైన్ అంటే బాగున్నాననీ, సన్ననిదనీ, జరిమానా అనీ. తెలిసిందా?"

"ఊఁ ఊఁ."

కోడలి మొహం చాటంతయ్యేది.

ఆదివారం సాయంత్రానికి గౌను పనైపోయింది. అత్తగారు పెదాల మధ్య నుంచి సూదులన్నీ తీసి, "వారం నుంచీ ఏదో వాగుతున్నావు, ఏంటే అది?" అంది.

కోడలు మిషన్ తొక్కడం ఆపేసింది. "అదేంటత్తయ్యా! అన్నిటికీ ఊఁ కొట్టారుగా!"

"నోటినిండా సూదులుంటే ఊఁ అనక పాట పాడమంటావా? ఆ ఊఁకి 'నన్ను కదపకు' అని అర్థం. మీ మామయ్య పెళ్లైనప్పట్నుంచీ దాన్ని సరే అనుకుంటున్నాడు."

"నాకు తెలుసులే. తెలిసే ఊరుకున్నా," అన్నాడు మామగారు నవ్వుతూ, గుడ్డ కత్తిరిస్తూనే.

"నవ్వకండి మామయ్యా! పాఠం రేపే!"

"ఏడుపు మొహం పెట్టకు," అంది అత్తగారు. "అర్థాలన్నీ ఒక్కసారే నెత్తిన గుమ్మరిస్తే ఏది పట్టుకునేది? ఎవరు, ఎవరితో, ఎందుకన్నారో చెప్పు."

కోడలు లేచి అత్తగారి ఎదురుగా వచ్చి కూచుంది. "ఒకావిడొచ్చి, భుజాలు పీకుతున్నాయి, ఇంకాస్త లైట్ కోటు కుట్టమంది."

"బరువు తక్కువది."

"ఇంకొకావిడ, ఈ ఎరుపు కళ్లలో గుచ్చుతోంది, లైట్‌ది చూపించమంది."

"లేతరంగు. ఈ ముక్క ముందే ఏడవొచ్చుగా!"

సోమవారం గదిలో లారీ డ్రైవరు, ఆసుపత్రి ఆయా, కూరల కొట్టాయన, ఇంకొందరు. వెనక బల్ల మీద చేతులు కట్టుకుని హెడ్మాస్టరు. కోడలు ఫైన్ అన్న మాట ఎత్తుకుని రెండు ముక్కలు చెప్పిందో లేదో, అందరూ తలలూపి "ఊఁ" అన్నారు.

ఆమెకి అత్తగారి ఊఁ గుర్తొచ్చింది. "ఊఁలు నాకొద్దు. మీ పనిలో ఈ మాట ఎవరంటారో చెప్పండి."

డ్రైవరు ఆయా వైపు, ఆయా కూరలాయన వైపు చూశారు. హెడ్మాస్టరు గోడ గడియారం వైపు చూశాడు. అయినా కోడలు మాట అందించకుండా నిలబడింది.

"రాంగ్‌రూట్లో వెళ్తే పోలీసాయనంటాడు," అన్నాడు డ్రైవరు చివరికి.

"డాక్టరు మందిచ్చాక మా పేషెంట్లంటారు, ఐయామ్ ఫైన్ అని," అంది ఆయా.

"బిల్లు చూశాక అనమను!" అన్నాడు కూరలాయన.

గది గొల్లుమంది. ఆ తర్వాత ఎవరి మాట వాళ్లదే, ఆపడం ఆమె తరం కాలేదు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

హెడ్మాస్టరు ముందుకొచ్చాడు. "రోజూ ఇంత గోల చేయిస్తారామ్మా?"

"చేయిస్తానండీ," అంది కోడలు.

"అయితే రేపట్నుంచి తలుపేసుకుని చెప్పండి. పక్క గదిలో లెక్కలు సాగట్లేదు."