డి డ్రైవులో సమాధులు

ఆ శనివారం పొద్దున్న తొమ్మిదింటి నుంచి బేబీ కుర్చీలో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుంటే ఒట్టు. కూర్చుంటుంది, లేస్తుంది, కంప్యూటర్ వంక కొరకొరా చూస్తుంది, చెప్పులైనా వేసుకోకుండా పెరట్లోకి పరిగెడుతుంది. ఇంట్లో సెల్‌ఫోన్‌కి సిగ్నల్ ఉండదు మరి. పెరట్లో బొప్పాయి చెట్టు పక్కన గోడకి ఆనుకుని నిలబడితే రెండు గీతలు కనిపిస్తాయి. కంప్యూటర్ ముందుగదిలో, సిగ్నల్ గోడ దగ్గర. ఈ రెండింటికీ మధ్య ఆ మనిషి ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు.

తెల్లారితే ఈస్టర్. చీకటుండగానే సంఘమంతా కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకి వెళ్తుంది. ఎవరి వాళ్ల దగ్గర వాళ్లు నిలబడి పాట పాడతారు. అసలు కష్టం అక్కడే వచ్చింది. ఎవరి వాళ్లు ఎక్కడున్నారో ఇప్పుడు తోటలో చెప్పేవాళ్లు లేరు. కోటబొమ్మాళిలో రాతి సమాధులు కట్టించుకున్న ఇళ్లు ఓ ఇరవై ఉంటాయేమో. మిగతా నూటముప్పై చిల్లర మట్టిదిబ్బలే, తలవైపు ఒక చెక్క సిలువ. మొన్న అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి ఆ సిలువలన్నీ పీకి ఎక్కడ పారేసిందో దేవుడికే తెలియాలి. బేబీ తండ్రి అబ్రహాం బతికున్నన్నాళ్లూ ఆ తోటకి కాపలాదారు. ఏ వరసలో ఎన్నో దిబ్బ ఎవరిదో ముప్పై ఏళ్లు నోటు పుస్తకంలో రాసుకొచ్చాడు. ఆ పుస్తకం కూడా అదే గాలివానకి నాని ముద్దయిపోయింది.

బేబీ బుర్రున్న మనిషి కాబట్టి తండ్రి పోయిన ఏడాదే ఆ పుస్తకం మొత్తం టైపు చేసి పెట్టింది. ఆమె మిషన్ బడిలో గుమస్తా. టైపు ఆమెకి కొత్త కాదు. ఆ ఫైలు కంప్యూటర్‌లో డి డ్రైవులో ఉంది. అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. పెన్‌డ్రైవులో కూడా ఒకటి దాచుకోమని తమ్ముడు బెన్హర్ వెయ్యిసార్లు చెప్పాడు. పెన్‌డ్రైవు నిండా క్వయిర్ పాటలు ఎక్కించుకుని, తర్వాత చూద్దాంలే అనుకుంది. ఆ తర్వాత అన్నది ఎప్పుడూ రాదు కదా!

గాలివాన తర్వాత కంప్యూటర్ ఆన్ చేస్తే నీలం తెర వచ్చి ఆగిపోతోంది. ఊళ్లో మెకానిక్‌ని పిలిస్తే, అంతా ఫార్మాట్ కొట్టెయ్యాలి, ఏదీ మిగలదు అన్నాడు. బేబీ వాణ్ని గుమ్మంలోంచే పంపేసింది. విశాఖపట్నంలో కంప్యూటర్లు బాగుచేసే బెన్హర్ విండోస్ సెవెన్ డిస్కు ఒకటి బస్సులో పంపించి, "ఫోన్లో సెప్తాను, నువ్వే ఎక్కించీ అప్పా" అన్నాడు.

రెండుసార్లు ఎక్కించింది. రెండుసార్లూ ఇరవై ఏడు శాతం దగ్గరికి వచ్చి, కావలసిన ఫైళ్లు దొరకలేదని చెప్పి చచ్చి ఊరుకుంది. బేబీ గోడ దగ్గరికి పరిగెత్తింది.

"ఒరే, మళ్లీ అక్కడే ఆగిపోనాది. ఏటి సెయ్యాల్రా?"

"కరెంటు కట్టీసి డబ్బా విప్పు. లోపల ర్యామ్ ముక్కలు రెండుంటాయి. ఒకటి తీసీ. రెండోదాన్ని రబ్బరుతో రుద్ది పెట్టు."

"పెన్సిల్ రాత సెరిపే రబ్బరా?"

"అదే. బళ్లో పన్జేస్తావు, రబ్బరు లేదేటి ఇంట్లో?"

డబ్బా విప్పింది. ఒక ముక్క తీసేసింది, రెండోదాన్ని రుద్ది రుద్ది మెరిపించింది. అంతలో వాకిట్లో ఎవరో దగ్గారు. చూస్తే కూర్మమ్మ. సముద్రం ఒడ్డు ఊరి నుంచి రెండు ఆటోలు మారి వచ్చింది. ఈవిడ చేపలమ్ముకునే మనిషి, గుడికి పోయే మనిషి. కొడుకు గంగులు మాత్రం మిషన్ ఆస్పత్రిలో మంచాన పడి ఉన్న రెండు నెలల్లో ప్రభువుని నమ్ముకున్నాడు. తనని ఇక్కడే పాతిపెట్టమని అడిగి మరీ పోయాడు. అది జరిగి ఆరేళ్లయింది. ఏటా ఈస్టర్‌కి ముందురోజు తల్లి వచ్చి దిబ్బ బాగుచేసి వెళ్తుంది. ఆమెకి చదువు రాదు. ఎర్రరంగు సిలువే ఆమెకి గుర్తు.

"బేబమ్మా, తోటకెల్లొచ్చినాను. కర్ర లేదు. అన్నీ ఒక్కలాగున్నాయి. నా గుంటడేడమ్మా?"

"కూకో పిన్నీ. లిస్టు తీస్తన్నాను. ఒక్క గంట."

ఆ గంట అనే మాట నోట్లోంచి వచ్చాక బేబీకి ఇక కాలు నిలవలేదు. డిస్కు పెట్టింది. ఈసారి తెర మీద రెండు గదులు చూపించి, ఎందులో ఎక్కించమంటావని అడిగింది. సి చిన్నది, డి పెద్దది. ముందు రెండుసార్లూ ఇదే అడిగింది, సి అని నొక్కింది, ఆగిపోయింది. ఈసారి తొందరపడకూడదనుకుని మళ్లీ గోడ దగ్గరికి వెళ్లింది. ఎదురుగా పెరటి అరుగు మీద కూర్మమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటూ ఇటే చూస్తోంది.

"ఒరే, సి, డి అని అడుగుతన్నాది. ఏటి నొక్కాల?"

"సి ఫార్మాట్ కొట్టు. దాంట్లోనే ఎక్కించు. ఇను, అప్పా, డి మాత్రం తీసీ..."

అంతే. గీతలు రెండూ పోయాయి. హలో హలో అని పదిసార్లు అరిచింది, ఫోను పైకెత్తి చూసింది, గోడ మీద చెయ్యి పెట్టి మునివేళ్ల మీద లేచింది. గీత రాలేదు. ఇందాక ర్యామ్ ఒకటి తీసీ అన్నాడు, తీసింది. ఇప్పుడు డి తీసీ అంటున్నాడు. బేబీ బుర్ర అక్కడ కూడా పనిచేసింది, అదే కొంప ముంచింది. సి చిన్నది, జాగా చాలకే ఆగిపోతోంది, డి తీస్తే జాగా వస్తుందన్నమాట అనుకుంది. తీస్తే లోపలున్నవి ఏమవుతాయని ఒక్క క్షణం అనిపించకపోలేదు. కానీ చెప్పింది బెన్హరాయె, వాడికి తెలియదా? అరుగు మీంచి కూర్మమ్మ దగ్గు వినిపించింది. బేబీ లోపలికొచ్చి డి మీద నొక్కి, డిలీట్ కొట్టింది. ముఖ్యమైనవి ఉంటే పోతాయని కంప్యూటర్ ఇంగ్లీషులో హెచ్చరించింది. ఓకే అంది. ఖాళీ అయిన ఆ పెద్ద జాగాలోనే విండోస్ ఎక్కించమని చెప్పింది.

ఇరవై ఏడు దాటింది. యాభై దాటింది. బేబీ చప్పట్లు కొట్టింది, స్తోత్రం చెప్పింది, కూర్మమ్మకి టీ పెట్టి ఇచ్చింది. మధ్యాహ్నం రెండింటికి కొత్త విండోస్ రంగులతో కళకళలాడుతూ తెరుచుకుంది. లోపల ఎంత వెతికినా సమాధుల ఫైలున్న ఆ పాత డి కనిపించలేదు.

 ఈసారి బేబీ గోడ దగ్గరికి నడుచుకుంటూ వెళ్లింది.

"ఒరే, డి లేదురా."

"లేకపోడమేటి?"

"నువ్వే కదరా తీసీ అన్నావు."

బెన్హర్ అవతల్నుంచి అరిచాడు. "తీసీకు అన్నానే అప్పా! డి మాత్రం తీసీకు అన్నాను. దాని మీదే ఎక్కించీసినావా?"

"కు నాకు ఇనిపించలేదురా," అంది బేబీ. తప్పు ఎవరిదని తిట్టాలి? వాడినా, టవర్నా, వద్దు అన్న మాటని చివర్లో ఒక్క అక్షరంలో పెట్టుకున్న తన భాషనా? సోమవారం వచ్చి వెతుకుతాను, కొన్ని దొరికితే దొరకొచ్చు, పైన ఎక్కించేసింది కాబట్టి మాటివ్వలేను అన్నాడు బెన్హర్. సోమవారానికి ఈస్టర్ అయిపోతుంది.

కూర్మమ్మని వెంటబెట్టుకుని తోటకి బయల్దేరింది. దారంతా టైపు చేసిన పేజీలు కళ్లముందు తెచ్చుకోవాలని చూసింది. గంగులు మూడో వరస, అంతవరకూ గట్టిగా తెలుసు. పదకొండో దిబ్బో, పన్నెండో దిబ్బో. గంగులూ, పక్క దిబ్బలోని మనిషీ ఒకే నెలలో పోయారు, పుస్తకంలో పేర్లు ఒకదాని కింద ఒకటి ఉండేవి. ముందెవరు, వెనకెవరు? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

మూడో వరసలో రెండు దిబ్బలు పక్కపక్కనే ఉన్నాయి. గడ్డి ఒక్కలాగే మొలిచింది.

"ఏదమ్మా నాది?"

పదకొండు చూపించేస్తే అయిపోతుంది. ఎవరు అడుగుతారు, ఎవరికి తెలుస్తుంది? బేబీ చెయ్యి సగం లేచింది కూడా. ఆ చేత్తోనే కదా పొద్దున్న ఓకే నొక్కింది. చెయ్యి దించేసింది.

"తెలీదు పిన్నీ. ఈ రెంటిలో ఒకటి. రాసుకున్నదంతా నా సేత్తో నేనే సెరిపీసినాను."

కూర్మమ్మకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అయ్యాక ఊరుకోలేదు. "నీ సేతులు ఇరిగిపోనూ! ఒక్కగానొక్క కొడుకే! ఉన్న గురుతు గాలి తీసుకెల్లిపోనాది, పోనీ పుస్తకం నీ కాడుందనుకున్నాను. సదువుకున్నావు, ఎందుకే నీ సదువు?" అని తిట్టి తిట్టి, దిబ్బల మధ్య మట్టిలో కూలబడి ఏడ్చింది.  ఆ తిట్లు తనకి తగినవేననిపించింది బేబీకి. పక్కన కూర్చుని తనూ ఏడ్చింది.

చాలాసేపటికి కూర్మమ్మ ముక్కు చీది, సంచీలోంచి సున్నం పొట్లం తీసి, తోట బొరింగు దగ్గర డబ్బాలో కలిపింది. ఒక దిబ్బకి సరిపడా తెచ్చుకుంది. కలిపింది చూసి, మళ్లీ బొరింగు కొట్టి నీళ్లు పోసింది.

"పల్సనైపోద్ది పిన్నీ," అంది బేబీ.

"అవనీ. ఈ రెండోడికి ఎవులన్నా వస్తారేటి?"

"ఎవులూ రాలేదు. ఊరేదో కూడా తెలీదు. ఆస్పత్రిలో పోతే మా నాన్నే పాతినాడు."

 కూర్మమ్మ రెండు దిబ్బలకీ చుట్టూ గడ్డి పీకి, ఒకదానికి ఎక్కువ ఒకదానికి తక్కువ కాకుండా సున్నం పూసింది. బంతిపూలు సగం అక్కడా, సగం ఇక్కడా పెట్టింది. అప్పుడు అడిగింది.

"ఆడి పేరేటమ్మా?"

"ఎల్లాజీ."

ఆమె మొదటి దిబ్బ మీద చెయ్యి వేసి, "గంగులూ, ఎల్లాజీ, మీ అమ్మనొచ్చినాను" అంది. లేచి రెండో దిబ్బ దగ్గర కూర్చుని, అక్కడా రెండు పేర్లూ పిలిచింది.